మత్తడి దగ్గర బడి

1516లో థామస్ మోర్ అనే ఇంగ్లీషు పెద్దమనిషి ఒక ఆదర్శ ద్వీపాన్ని ఊహించి దానికి ‘యుటోపియా’ అని పేరు పెట్టాడు. గ్రీకు మాటల ప్రకారం ఆ పేరుకి అర్థం ‘ఎక్కడా లేని చోటు’! ప్రకృతి ఒడిలో చదువు అనగానే మనకి తోచేదీ అలాంటి చోటే. కొండలూ, మర్రినీడా, పక్షుల కూతలూ. అవన్నీ మనకెక్కడివిలెండి అని పిల్లవాణ్ణి ట్యూషనుకి తోలేస్తాం.

మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తిగారి రిషివ్యాలీ ఉంది గదా అంటారా? ఉంది. కాని అక్కడి పచ్చదనం దొరికింది కాదు, పెంచింది. కరువుసీమలో ఏళ్ళ తరబడి మొక్కలు నాటి, వాననీటిని నిలబెట్టుకుంటే, 1991 నాటికి ఆ లోయ పక్షుల రక్షిత స్థలమైంది.

మరి మన కేసముద్రం మాటేమిటి? 2024 సెప్టెంబరు 1న కేసముద్రం, ఇంటికన్నె మధ్య వరదకి పట్టాల కింది కంకర కొట్టుకుపోయింది. పట్టాలు గాల్లో వేలాడాయి. కాజీపేట-విజయవాడ దారిలో రైళ్ళు ఆగిపోయాయి. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమని మోస్తుందని శాస్త్రజ్ఞుల లెక్క. మోసినదాన్ని ఎక్కడో ఒకచోట కుమ్మరించక మానదు.

ఈ సంగతి పిల్లలకి చెప్పాలా, వద్దా? చెబితే జడుసుకుంటారు. చెప్పకపోతే మోసం. పర్యావరణాన్ని బళ్ళలో తప్పనిసరిగా బోధించాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. మనం దాన్ని నాలుగు మార్కుల ప్రశ్నగా మార్చి చేతులు దులుపుకున్నాం.

నన్నడిగితే, భయం సంగతి తర్వాత, ముందు పిల్లల్ని చెరువుగట్టుకి తీసుకెళ్ళాలంటాను. బతుకమ్మనాడు ఎలాగూ తీసుకెళ్తాం. తంగేడూ గునుగూ నీళ్ళలో విడిచి వచ్చేస్తాం, ఆ నీళ్ళ సంగతి పట్టించుకోం. తూము ఎక్కడుంది? మత్తడి దుంకితే నీళ్ళు ఏ చెరువులోకి పోతాయి? నీరటికాడు ఏం చేసేవాడు? కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల లెక్కంతా ఈ మూడు ప్రశ్నల్లో ఉంది. రిషివ్యాలీ ఫీజులక్కర్లేదు, గొడుగుంటే చాలు.

చిక్కల్లా నాలుగో ప్రశ్నతోనే. “శిఖం భూమిలో ఆ ఇళ్ళు ఎవరివి సార్?” అంటుంది ఒక పిల్ల. అందులో ఒకటి ఆ పిల్ల మేనమామదే కావచ్చు, సారుదే కావచ్చు. సారు గడియారం చూసుకుంటాడు. ఆయన జవాబు చెప్పేదాకా పిల్లలు గట్టు దిగకుండా నిలబడతారా అన్నదే నా ఆశ.