విధవరాలి నూనెకుండ – మన జేబులోని కార్డు

ధ్యానభాగము: 2 రాజులు 4:1–7



ఎలీషా దినములలో ఒక విధవరాలు ప్రవక్తయొద్దకు ఏడ్చుచు వచ్చెను. ఆమె భర్త త్రాగుబోతు కాడు, జూదరి కాడు. ప్రవక్తల శిష్యులలో ఒకడు, దైవభయము గలవాడు. అయినను అతడు అప్పు మిగిల్చి మరణించెను. అప్పిచ్చినవాడు గుమ్మమునొద్దకు వచ్చి, బాకీ క్రింద ఆమె యిద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనిపోవ జూచెను. భక్తిగల యింటిలోనికిని అప్పు ప్రవేశించునని దీనివలన తెలిసికొనుచున్నాము.

ఈ సంగతి ఇతరులనుగూర్చి చెప్పుటకు ముందు నన్నుగూర్చి చెప్పవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట మా చిన్న కుమార్తెకు జబ్బుచేయగా పట్టణపు ఆసుపత్రిలో చేర్చితిమి. చేతిలో సొమ్ము లేదు. ఒక బ్యాంకువారు ఇచ్చిన క్రెడిట్ కార్డు నాయొద్ద నుండెను. దానితో 40,000 రూపాయలు చెల్లించితిని. బిడ్డ బ్రదికెను; దేవునికి స్తోత్రము. తరువాత బిల్లు వచ్చెను. అందులో రెండు అంకెలుండెను. మొత్తము బాకీ 40,000. మినిమం డ్యూ 2,000. నేను చిన్న అంకెనే చూచితిని. ఆ 2,000 కట్టి, ఈ నెల గడచినదని నెమ్మదిగా నిద్రించితిని. ఏడు నెలలు అట్లే చేసితిని. నా భార్యకు చెప్పలేదు. ఎనిమిదవ నెల కట్టలేకపోతిని. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత నా ఫోను మ్రోగగా ఆమె తీసెను. వసూలువాని మాటలు నాకంటె ముందు ఆమె వినెను. ఆ సిగ్గు నాకు నేర్పిన మూడు సంగతులను మీయెదుట ఉంచుచున్నాను.

మొదటిది: వడ్డీని మన ఊరి లెక్కలో చూడుడి.

మన పల్లెలలో వడ్డీని నెలకు నూటికి ఇంత అని చెప్పుకొందుము. రూపాయి వడ్డీ అన్న ఊరట, రెండు రూపాయలన్న బరువు, మూడు రూపాయలన్న పెద్దలు లేచిపోవుదురు. అనేకమైన కార్డులకు నెలకు నూటికి మూడున్నర రూపాయల వడ్డీ పడును. ఆ వడ్డీమీద 18 శాతము జీఎస్టీ చేరును. వెరసి నాలుగు రూపాయలు దాటును. 40,000 బాకీకి నెలకు వడ్డీ 1,400, పన్ను 252, మొత్తము 1,652. నేను కట్టిన 2,000లో అసలు తగ్గినది 348 రూపాయలే! ఏడు నెలలలో 14,000 కట్టితిని. బాకీ మూడు వేలైనను తగ్గలేదు.

మన రైతులకు కిసాన్ క్రెడిట్ కార్డు 1998 నుండి తెలిసినదే. పంట ఋణమును గడువులోగా తీర్చిన రైతుకు, ప్రభుత్వపు రాయితీ పోగా, ఏటికి నూటికి 4 రూపాయలు పడును. అంగడిలో గీకు కార్డు బాకీ నిలిపినవానికి నెలకు నూటికి 4 రూపాయలు పడును. రెంటికిని క్రెడిట్ కార్డు అనియే పేరు. ఒకటి ఏటి లెక్క, మరియొకటి నెల లెక్క. పేరు చూచి మోసపోకుడి. ఏటికి 30 శాతము మించి వడ్డీ తీసికొనుట అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు చెప్పెను గాని, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను. ఆ హద్దు ఇప్పుడు లేదు గనుక మన హద్దు మనమే గీసికొనవలెను. నెహెమ్యా 5వ అధ్యాయము చదువుడి. యెరూషలేములో పేదలయొద్ద పుచ్చుకొన్న నూరవ భాగమును తిరిగి యిచ్చివేయుమని అతడు ప్రధానులను గద్దించెను. అది నెలకు నూటికి ఒకటి అని అనేకులు వ్యాఖ్యానించుదురు. రూపాయి వడ్డీకే ఆ దైవజనుని మనస్సు మండెను!

రెండవది: గడువు ఎరిగి వాడుడి.

కార్డు స్వయముగా పాపము కాదు. కొడవలి పంటను కోయును, ఏమరుపాటున చేతినిగూడ కోయును. గడువు తేదీలోగా మొత్తము బాకీని కట్టువానికి సరకుల కొనుగోలుమీద వడ్డీ పడదు. కొంత నిలిపినయెడల పాత బాకీకే కాదు, క్రొత్తగా కొనినదానికిని కొనిన దినము నుండియే వడ్డీ పడును. కార్డుతో నగదు తీసినయెడల ఆ దినమే వడ్డీ మొదలగును, రుసుము వేరు. గోపురము కట్టువాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనునని ప్రభువు లూకా 14వ అధ్యాయములో సెలవిచ్చెను. చేతికి రాబోవు జీతములో నుండి మొత్తముగా తీర్చగలిగినంతయే గీకుడి. క్రిస్మస్ బట్టలకును పెండ్లి విందుకును దానిని తీయకుడి. స్నేహితునికొరకు నీ కార్డు ఇచ్చుట అతనికి పూటపడుటయే. సామెతలు 6వ అధ్యాయపు హెచ్చరికను మరువకుడి.

మూడవది: తలుపు మూసి, ఇంటివారితో నిజము చెప్పుడి.

ఎలీషా ఆ స్త్రీని గద్దింపలేదు. ఇంట ఏమి మిగిలెనో అడిగెను. కొంచెము నూనె మిగిలెను. ఆమె ఇరుగుపొరుగువారి వట్టి పాత్రలు ఎరవు తెచ్చుకొని, కుమారులతో లోపలికి పోయి తలుపు మూసి నూనె పోసెను. బిడ్డలకు దాచలేదు, వారే పాత్రలు అందించిరి. నూనె అమ్మిన తరువాత ప్రవక్త చెప్పిన వరుసను గమనింపుడి: ముందు బాకీ తీరవలెను, తరువాత మిగిలినది తినవలెను. మనము ముందు తిని, మిగిలినది బాకీకి ఇత్తుము, ఏమియు మిగులదు.

ఆ రాత్రి మేమును తలుపు మూసికొని కూర్చుంటిమి. మా యింట మిగిలినది ఒక పాడిగేదె. దానిని అమ్మితిమి. చాలని సొమ్మును నా భార్య పొదుపు సంఘములో తక్కువ వడ్డీకి తెచ్చెను. బాకీ అంతయు తీర్చి కార్డును మూసివేయుమని బ్యాంకునకు వ్రాసితిని. బాకీ లేని కార్డును అడిగిన 7 పనిదినములలో మూయవలెనని, ఆలస్యమైన దినమునకు 500 రూపాయలు ఖాతాదారునికి ఇయ్యవలెనని రిజర్వు బ్యాంకు 2022లో ఆజ్ఞాపించెను. ఆ యేటనే, వసూలువారు ఉదయము 8 గంటలకు ముందును రాత్రి 7 గంటల తరువాతను ఫోను చేయరాదనియు, అవమానపరచరాదనియు ఆజ్ఞ యిచ్చెను. గనుక బెదరింపులకు లొంగి ఎవరును ప్రాణము తీసికొనకుడి. ఏ బాకీయు దేవుడిచ్చిన ప్రాణమంత విలువగలది కాదు. నాయొద్దకు రండి, సంఘ పెద్దలయొద్దకు రండి. అర్ధరాత్రియైనను తలుపు తట్టుడి.

తల్లులారా, తండ్రులారా, హైదరాబాదులో పనిచేయు కుమారుడు పండుగకు వచ్చినప్పుడు ఎంత తెచ్చితివని మాత్రమే అడుగకుడి. ఎంత బాకీ ఉన్నావని ప్రేమతో అడుగుడి. సంఘస్థులారా, అప్పులో నున్నవానిని చూచి నవ్వకుడి. వట్టి పాత్రలు ఇచ్చిన ఆ పొరుగువారివలె ఉండుడి.

మనము తీర్చలేని పాపపు ఋణపత్రమును క్రీస్తు సిలువకు కొట్టి తీసివేసెను. ఆ విడుదల పొందినవారము మనుష్యులకు ఇయ్యవలసినది ఇచ్చివేయుటకు బద్ధులము. ప్రేమ అను బాకీ ఒక్కటే మనమీద నిలుచునది అని రోమా 13:8 మనకు బోధించుచున్నది.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, దాచిన లెక్కలను వెలుగులోనికి తెచ్చుటకు మాకు ధైర్యమిమ్ము. ఉన్నదానితో తృప్తిపొందుటయు, మాట యిచ్చిన బాకీ తీర్చుటయు నేర్పుము. మా బిడ్డలు ఏ అప్పునకును దాసులు కాకుండ కాపాడుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.