వెలయు విలువయు

బ్రిటను దేశమున బి.బి.సి. సంస్థ ‘ఆంటిక్స్ రోడ్‌షో’ అను కార్యక్రమమును 1979వ సంవత్సరము నుండి ప్రసారము చేయుచున్నది. ప్రాచీన వస్తువుల నెఱిగిన నిపుణులు ఊరూరికేగి కూర్చుందురు. జనులు తాతముత్తాతల నాటి వస్తువులను మూటగట్టి తెచ్చి వరుసలో నిలుతురు. 1990లో నార్తాంప్టను నగరమున నట్లే గుడ్లగూబ యాకారముగల మట్టిపాత్ర యొకటి వచ్చినది. ఇంటివారు దానిలో పూవు లుంచెడివారు. అది 17వ శతాబ్దపు స్టాఫర్డ్‌షైరు కుమ్మరుల పనియనియు, 20,000 పౌండ్లకు తక్కువ చేయదనియు నిపుణుడు తేల్చెను.

నిపుణుడు వస్తువును త్రిప్పి చూచి మూడు సంగతు లరయును: ఇది దేనితో చేయబడినది? ఎవరు, ఎప్పుడు చేసిరి? ఎవరెవరి చేతులమీదుగ వచ్చినది? ఆంగ్లేయుల వెండిపై సింహముద్ర యున్నచో వేయి పాళ్లలో 925 పాళ్లు మేలిమి వెండియని తెలియును. కాని లోహమునకు కట్టు వెల తూనికతో ముగియును. చేసినవాని నేర్పును, కాపాడినవారి చరిత్రయును దానికి మించిన వెలను తెచ్చును. సంతలో సహితము తూనికకందని దొకటి కలదని దీనివలన తెలియుచున్నది.

ఇపుడు ఒక వీరశైవ గృహమును ఊహింతము. అవ్వ నిత్యము కంఠమున ధరించిన వెండి లింగసజ్జ ఆ యింట కలదు. ఆమె లింగైక్యము నొందిన నాడు ఇష్టలింగ మామెతోడనే సమాధి కేగినది. సజ్జ మాత్రము ఇంట మిగిలినది. పండుగనాడు దానిని చింతపండుతో తోమి, విభూతి నుంచి, ముగ్గురు కుమారులును కన్నుల కద్దుకొనెడివారు. ఒకనాడు దానిని వెల కట్టించిరి. మరునాటి నుండి దానికి పెట్టె వచ్చినది, పెట్టెకు తాళము వచ్చినది, తాళపుచెవికై తగవు వచ్చినది. సజ్జ వెల పెరిగినది. అన్నదమ్ముల పొత్తు తఱిగినది. లోపల నుండవలసినది వెడలిపోయిన పిదప పై గుల్లకై పోరాడుట ఎంత శోచనీయము!

వెల తెలిసికొనుట దోషము గాదు. బసవేశ్వరుడు 12వ శతాబ్దమున కళ్యాణమునందు బిజ్జలుని భాండారమును చూచినవాడు. ధనపు లెక్క లెఱుగని అమాయకుడు గాడు. అయినను ఆయన ధనమును కాయకముతో ఆర్జింపుమనెను, దాసోహముతో వినియోగింపుమనెను. నేలరాలిన బియ్యపుగింజల నేరుటయే కాయకముగా గల మారయ్య ఒకనాడు అక్కఱకు మించిన బియ్యమును తేగా, ఆయన పత్ని లక్కమ్మ దానిని తిరిగి పోసి రమ్మని పంపెను. ఆ బియ్యమునకు అంగడిలో వెల కలదు. అక్కఱ లేని కుప్పకు ఆ యింట విలువ లేదు.

ఇంట ఆపద కలిగినపుడు పాతసొత్తు నమ్మి రోగికి మందును, పిల్లలకు విద్యను సమకూర్చినచో అదియును సద్వినియోగమే. అయితే 1972 నాటి పురావస్తు చట్టము ననుసరించి నూఱేండ్లు దాటిన పురావస్తువును విదేశములకు పంపుటకు వ్యక్తుల కధికారము లేదు. ప్రాచీన గ్రంథపు వ్రాతప్రతులకు 75 ఏండ్లే పరిమితి. కావున వెల చెప్పించుకొనువారు ఆ నియమమును గూడ తెలిసికొనవలెను.

స్థావర జంగమముల భేదమును శరణులు బోధించిరి. పెట్టెలో కదలకయుండు సొత్తు స్థావరము. తరమునుండి తరమునకు నడచు ఆచారము జంగమము. పాల్కురికి సోమనాథుని బసవపురాణము తాళపత్రములపై ప్రతులు వ్రాసికొన్నవారి వలన నిలిచినది. వారు తాటియాకును దాచుటతో తృప్తి చెందక, అది చిరుగకమునుపే చదివిరి, మఱల వ్రాసి ముందువారి కందించిరి.

కావున సజ్జను నిపుణునికి చూపుటకు ముందు ఇంటి పిల్లలకు చూపవలెను. దానిని ధరించిన అవ్వ ఏ వేళ లింగపూజ చేసెడిదో, ఏ కాయకముతో బ్రతికెనో, వాకిట నిలిచిన జంగమునకు ఏమి వడ్డించెడిదో చెప్పవలెను. అటు పిమ్మట ఎంత వెల పలికినను ఆ యిల్లు చెదరదు. అవ్వ చేసిన దాసోహము ఆ యింట సాగుచున్నంతకాలము ఆమె సొత్తు వారసులకు దక్కినట్లే.