చారిత్రక కథారచన కాయకము కాగలదా?

ఉద్యోగము వేరు, కాయకము వేరు. ఉద్యోగమునకు విరమణ కలదు, పింఛను కలదు. కాయకమునకు అట్టి గడువును బసవేశ్వరుడు విధింపలేదు. ఓపిక ఉన్నంతకాలము ఏదో యొక సత్కార్యమున నిమగ్నుడై, దాని ఫలమును దాసోహముగా సమర్పింపవలెననుట ఆ మహనీయుని బోధ. శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములలో బడిపంతులుగనో, కచేరీ గుమాస్తాగనో పనిచేసి విశ్రాంతి పొందినవారికి పూర్వరాజుల కథను నవలగా వ్రాయవలెనను కోరిక కలుగుట సహజమే. చుట్టును అంతటి చరిత్ర యున్నది. అయితే ఆ రచన కాయకమా, కేవలము కాలక్షేపమా?

కన్నడ మహాకవి హరిహరుని గూర్చి సంప్రదాయము చెప్పు కథ ఇచట స్మరణీయము. ఆయన హొయసల ప్రభువుల కొలువులో లెక్కలు వ్రాయు కరణికుడట. ఆ కొలువు విడిచి, హంపి విరూపాక్షుని సన్నిధిని చేరి, శరణుల చరితములను రగళెలుగా రచించెను. కొలువు వీడుట ఆయనకు విశ్రాంతి కాలేదు. అసలు పని అప్పుడే మొదలైనది.

మన ప్రాంతమునకు వత్తము. గురజాడ అప్పారావుగారు 1891లో విజయనగర సంస్థానమున శాసన పరిశోధకులుగా నియుక్తులైరి. 1913లో పదవీ విరమణ చేసిరి. చాళుక్యుల కళ్యాణ నగరమున ఆస్థానకవియైన బిల్హణుని నాయకునిగా గైకొని వారు ఆరంభించిన ‘బిల్హణీయము’ నాటకము అసంపూర్ణముగనే మిగిలినది. 1915 నవంబరు 30న వారు కీర్తిశేషులైరి. వారికి దక్కిన విశ్రాంతి రెండేండ్లు. వారి బాల్యమిత్రులు గిడుగు రామమూర్తిగారు 1911లో పర్లాకిమిడి ఉపాధ్యాయ పదవిని విడిచి, 1940 వరకు జీవించి భాషాసేవ చేసిరి. తీరిక ఎవరికెంత దక్కునో ఎవరెరుగుదురు? గిడుగువారు శ్రీముఖలింగ శాసనముల లిపిని స్వయముగా నేర్చినది మాత్రము ఉద్యోగమున నుండగనే. పింఛను పుచ్చుకొన్న నాడే కలము, కాగితము కొనువారు ఈ సంగతి గమనింపవలె.

ఇక అసలు చిక్కు. శ్రీముఖలింగమే తూర్పు గాంగుల రాజధాని కళింగనగరమని పలువురు చరిత్రకారుల నిర్ణయము. 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుని కథను మన వీరశైవ గృహస్థు డొకడు నవలగా వ్రాయదలచె ననుకొందము. తొలి శాసనములలో ఆ రాజు పరమమాహేశ్వరుడు. తరువాతి శాసనములలో పరమవైష్ణవుడు. పూరీ జగన్నాథాలయ నిర్మాణమునకు పూనుకొన్నవాడు. మధుకేశ్వరుని భక్తుడైన ఘట్టమును వర్ణించి, తరువాతి మార్పును దాచివేసినచో కథ శైవులకు మిక్కిలి ప్రియముగా నుండును. మఠములలో సన్మానమును జరుగవచ్చును.

“కల్పనయే గదా, లెక్క యడుగువా రెవరు?” అని కొందరందురు. ఈ వాదము పైకి కనబడునంత బలమైనది కాదు. నవలను చదివిన బాలుడు దానినే చరిత్రయని నమ్మును. గతించినవారు వచ్చి కాదని చెప్పలేరు. బసవన్న బిజ్జలుని భండారి. బొక్కసము తరిగినదని కొండెగాండ్రు చాడీలు చెప్పగా, ఆయన లెక్క యడుగుట తప్పనలేదు. ధనము చెక్కుచెదరక యుండుటను చూపెనని పురాణ కథనము. పూర్వుల చరిత్రయు పరుల సొమ్మే గదా! వైష్ణవ రచయిత ఎవరైన చోడగంగుని తొలి శివభక్తిని మరుగుపరచినచో మనకు కోపము రాదా? గురజాడవారు 1910లో వెలువరించిన ‘మీ పేరేమిటి’ కథలో శైవవైష్ణవ స్పర్థను చిత్రించిరి గాని, ఏ పక్షమునకును వకాల్తా పుచ్చుకొనలేదు.

అట్లని కల్పనకు చోటు లేదనరాదు, చాలినంత కలదు. చోడగంగుని తల్లి రాజసుందరి చోళుల ఆడుపడుచు. పరమమాహేశ్వరుడైన కుమారుని మనస్సు ఎప్పుడు, ఏ రాత్రి, ఏ మాటవలన మారసాగెనో, ఆ మార్పును అంతఃపురమున ఎవరు హర్షించిరో, ఎవరు కంట తడిపెట్టిరో శాసనములు చెప్పవు. విశ్రాంత గుమాస్తా కూర్చుండి వ్రాయవలసిన పుట అదియే.