తుపాకీ హక్కు, మన జిల్లా లెక్క

డల్లాస్ చుట్టుపక్కల మన ఉత్తరాంధ్ర కుటుంబాలు కలిస్తే మాట ముందు వంటల మీదికి, తర్వాత ఇళ్ల ధరల మీదికి, ఆ పైన వీసాల మీదికి పోతుంది. 2023 మే తర్వాత తుపాకుల మీదికి కూడా పోతోంది. ఆ నెల 6న ఆలెన్‌లోని అవుట్‌లెట్ మాల్‌లో ఒకడు తుపాకీతో దిగి ఎనిమిది మందిని చంపాడు. వాళ్లలో హైదరాబాదు నుంచి వచ్చిన యువ ఇంజినీరు ఒకమ్మాయి. ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీలలో ఉండే మనవాళ్లు పండగ బట్టలకి వెళ్లే చోటే అది. ఆ సాయంత్రం ఏ ఫోన్ ఎత్తినా "ఎక్కడున్నారు?" అన్నదే మొదటి మాట.

రెండు రోజులకి, మే 8న, ఆస్టిన్‌లో శాసనసభ కమిటీ ఒక బిల్లు మీద ఓటు వేసింది. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొనే వయసు 18 నుంచి 21కి పెంచాలన్నది దాని సారాంశం. అంతకు ఏడాది ముందు యువాల్డే బడిలో 19 మంది పిల్లల్ని, ఇద్దరు టీచర్లని చంపినవాడికి 18 ఏళ్లే. ఆ పిల్లల తల్లిదండ్రులు నెలల తరబడి తిరిగి అడిగిన బిల్లు. కమిటీలో 8-5తో గట్టెక్కింది గానీ గడువు దాటిపోయి పూర్తి సభ ముందుకి రానే లేదు. ఇదే టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 నిండి చట్టపరంగా అడ్డేమీ లేనివాళ్లు లైసెన్సు లేకుండానే చేతి తుపాకీ వెంట పెట్టుకు తిరగొచ్చు.

మాలో దీన్ని సమర్థించేవాళ్లు లేరనుకోకండి. బొబ్బిలి నుంచి వచ్చిన మా బావ ఒకాయన (వరస కలుపుకున్న బావే) పౌరసత్వం రాగానే తుపాకులు కొన్నాడు. పడగ్గది అల్మరాలో, ఆవకాయ జాడీల పై అరలో, నంబర్ల తాళం ఉన్న ఇనప పెట్టె. అందులో రెండు పిస్తోళ్లు, ఒక షాట్‌గన్. తూటాలు వేరే పెట్టెలో, దాని తాళం వేరే. దసరాకి ఆయుధపూజ రోజున కారుతో పాటు వాటికీ బొట్టు పెడతాడు. "లైసెన్సంటే ఏటి బావా? నా హక్కుకి నేను సర్కారు ముందు చెయ్యి చాపడమే గదా" అంటాడు. మరీ రెచ్చగొడితే 1757 నాటి బొబ్బిలి యుద్ధం దాకా వెళ్తాడు: "కోటలో మావోళ్లకి మందుగుండు చాలకే గదా ఓడిపోనాం!" ఫ్రెంచి దొర బుస్సీ ఫిరంగుల్ని తీసుకొచ్చింది మా విజయనగరం రాజుగారే కాబట్టి నేను అక్కడ నోరు మూసుకుంటాను.

పరాచికం పక్కనపెడితే, ఆయన వాదన తీసిపారేసేది కాదు. 1878లో లిట్టన్ హయాంలో తెచ్చిన ఆయుధాల చట్టం భారతీయుడు తుపాకీ పెట్టుకోవాలంటే లైసెన్సు కావాలంది; తెల్లవాళ్లకి మాత్రం ఆ బెడద లేదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మొదట చేసిన పని చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోవడం. మన్యంలో తుపాకీ ఉండేది సర్కారు దగ్గరే మరి. 1931 కరాచీ కాంగ్రెస్ ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం పెట్టుకునే హక్కు కూడా ఉంది. గాంధీగారు ఉన్న సభలోనే!

స్వాతంత్ర్యం వచ్చాక ఆ మాట మళ్లీ లేచింది. 1948 డిసెంబరు మొదట్లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆయుధాల హక్కును చేర్చమని సవరణ తెచ్చారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. ఎవరుపడితే వాళ్లు బజారుకెళ్లి ఆయుధాలు కొనుక్కునే హక్కు ఉంటే ప్రభుత్వం నడవడం ఎలా అన్నది ఆయన ప్రశ్న. సవరణ వీగిపోయింది. 19వ అధికరణంలో పౌరులు గుమిగూడే హక్కు దగ్గర ఆయుధం ప్రస్తావన వస్తుంది, అదీ శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా అన్న షరతుగా. ఆ సభ సరిగ్గానే తేల్చిందని నా నమ్మకం. ఆ నమ్మకం నాకు పుస్తకాల వల్ల వచ్చింది కాదు, పుట్టిన జిల్లా వల్ల వచ్చింది.

1967 అక్టోబరు 31. పార్వతీపురం ఏజెన్సీ అప్పట్లో శ్రీకాకుళం జిల్లాలోది. మొండెంఖల్‌లో గిరిజన సంఘం మహాసభ. కొండల మీది గూడేల నుంచి సవరలు, జాతాపులు నడిచి వస్తున్నారు. వాళ్లు అడుగుతున్నవి కంబారికి సరైన జీతం, పోడు భూమి, తాకట్టులో పోయిన చెట్లూ పొలాలూ, షావుకారి అప్పుల నుంచి విడుదల. లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డుపడి తుపాకీ పేల్చారు. కోరన్న, మంగన్న అక్కడికక్కడే చనిపోయారు. మరుసటి ఏడు కోర్టు ముద్దాయిలందర్నీ వదిలేసింది. అటు తర్వాతే ఆ కొండల్లో విల్లంబులూ బరిసెలూ పట్టుకున్న చేతులు తుపాకుల కోసం వెతుక్కున్నాయి. మాస్టార్లుగా పిల్లలకి చదువు చెప్పి, ఆ పోరాటాన్ని నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం 1970 జులై 10న చనిపోయారు. ఎదురుకాల్పులని పోలీసులు, పట్టుకుని కాల్చారని ఉద్యమం మనుషులు. మా వైపు ఆ కథ రెండు రకాలుగానూ విన్నాం.

బావ ఇది విని, "చూసావా, గిరిజనులకి తుపాకులుంటే లేవిడి జరిగుండేదా?" అంటాడు. జరిగేది, నాలుగు శవాలు ఎక్కువ లేచేవి అంటాను నేను. అసలు లోటు తుపాకీది కాదు. కూలి రేటు అమలు చేసే అధికారిది, భూమి పట్టాది, శిక్ష వేసే కోర్టుది. గిరిజనుల భూమి బయటివాళ్లకి పోకుండా చూసే 1959 నాటి రెగ్యులేషన్ కాగితం మీద అప్పటికే ఉంది. దాన్ని బిగించిన సవరణ 1970లో గానీ రాలేదు. అందరికీ తుపాకీ ఇస్తే అందరూ సమానమైపోతారన్న మాట కొండ దిగువ షావుకారి ఇంటికీ, కొండ మీది సవర పాకకీ మధ్య దూరం చూడనివాళ్లకే నప్పుతుంది. ముందు కొనగలిగేవాడూ, కాల్చాక బెయిలు తెచ్చుకోగలిగేవాడూ షావుకారే.

ఊళ్లో మనవాళ్లకి ఈ గొడవ వింతగా ఉంటుంది. ఉద్దానంలో మా పిన్ని ఫోన్‌లో, "అక్కడ అంగట్లో అమ్ముతారంట గదా బావూ, ఒకటి అట్టుకొచ్చీ, ఎలుగుల్తో సచ్చిపోతన్నాం" అంటుంది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు ఒక రైతును చంపేసిన భయం ఇంకా పోలేదు. 1959 ఆయుధాల చట్టం పంట కాపలాకి గొట్టం నోట్లోంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వొచ్చంటుంది. కలెక్టరు సంతకం కావాలి, పోలీసు విచారణ కావాలి, ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పజెప్పమంటారు. అన్నీ దాటినా ఎలుగు మీద పేల్చితే అడవి శాఖ కేసు! పిన్నికి ఇది చెబితే, "మరింకేటికి ఆ లైసెన్సు?" అంది. సమాధానం నా దగ్గర లేదు.

ఈ సంచిక చదివే కుర్రాళ్లకి మాత్రం కొన్ని చెప్పాలి. ఎఫ్-1 మీదున్నా, హెచ్-1బి మీదున్నా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ దగ్గరుంచుకోకూడదు. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి. వాటి భరోసాతో దూకేముందు లాయర్ని అడగండి. స్నేహితులతో సరదాగా షూటింగ్ రేంజ్‌కి వెళ్లి అద్దె తుపాకీ పట్టుకున్నా చిక్కే. అన్నీ సక్రమంగా ఉన్నా ప్రాణానికి పూచీ లేదు: 2024 నవంబరులో అట్లాంటాలో తెలంగాణ విద్యార్థి ఒకడు పుట్టినరోజు నాడే, వేట తుపాకీ శుభ్రం చేస్తుంటే అది పేలి చనిపోయాడు. పిల్లలున్న ఇంట్లో తుపాకీ ఉంటే, టెక్సాస్‌లో 17 లోపు పిల్లల చేతికి అందేలా వదిలేయడం నేరం. పిల్లల్ని స్లీపోవర్‌కి పంపేటప్పుడు వేరుసెనగ అలర్జీ గురించి అడుగుతాం గానీ, "మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళంలో ఉందా?" అని అడగడానికి మనకి మొహమాటం. నాకు తెలిసి అలా అడిగితే నొచ్చుకోనివాడు, పైగా పెట్టె తెరిచి చూపించేవాడు, ఆ బొబ్బిలి బావే.

టెక్సాస్ శాసనసభ బేసి సంవత్సరాల్లో, జనవరిలో, 140 రోజులకి కూర్చుంటుంది. కమిటీ విచారణలో ఎవరైనా పేరు రాయించుకుని బిల్లుకు అనుకూలమో వ్యతిరేకమో చెప్పొచ్చు, కావాలంటే మాట్లాడొచ్చు. ఆలెన్ జరిగాక కొవ్వొత్తులు పట్టుకున్న మనవాళ్లు ఎందరో. ఆ విచారణలకి వెళ్లినవాళ్లు నాకు తెలిసి లేరు. 2027లో వయసు పెంపు బిల్లు మళ్లీ వస్తే వెళ్దామని బావా, నేనూ ఒప్పందం చేసుకున్నాం. ఆయన వ్యతిరేకంగా, నేను అనుకూలంగా. కారు ఆయనదే. లైసెన్సున్నవాళ్లు ఆ భవనంలోకి తుపాకీతోనే వెళ్లొచ్చు. ఆయన లైసెన్సు అక్కర్లేని రోజుల్లో కూడా దాన్ని వదులుకోలేదు. తుపాకీ ఇంట్లో పెట్టి రమ్మని నేనంటున్నాను. దారిలో ఇడ్లీ ఎవరు తెస్తారన్నది తేలింది గానీ, అది ఇంకా తేలలేదు.