నిజమైన మాటతో అబద్ధ సాక్ష్యము



అబద్ధమాడుట పాపమని మనమందరము ఎరుగుదుము. అయితే ఒక్క అబద్ధపు మాటయైనను లేకుండ అబద్ధ సాక్ష్యము పలుకవచ్చునా? పలుకవచ్చునని ఈ వానకాలములో ఒక పాత మోటారు సైకిలు మాకు నేర్పినది.

గ్రామ సంఘములకు పోయి వచ్చుటకు మేము వాడుచున్నది హీరో హోండా సి.డి. 100. ఆ రకపు బండ్లు 1985లో మన దేశమున అమ్మకమునకు వచ్చినవి. ఇంజను 97 సి.సి. మాత్రమే, చిన్నదైనను మిక్కిలి ఓర్పు గలది. ఒక శనివారము సంఘములోని యౌవనస్థుడొకడు తన తల్లికి మందులు తెచ్చుటకై దానిని అడిగి తీసికొనిపోయి, సాయంకాలమునకు తిరిగి తెచ్చి యిచ్చెను. మరునాడు ఆరాధనకై మేము పొరుగూరు పోవుచుండగా మూడు కిలోమీటర్లు దాటకమునుపే బండి ఆగిపోయెను. పావుగంట నిలిచి కిక్కు కొట్టగా కదలెను; కొంతదూరము పోయి మరల ఆగెను. ఆరాధనకు గంట ఆలస్యమాయెను.

ఆ మరునాడు అతని తల్లి కనబడినప్పుడు, "మీవాడు తీసికొనిపోయి వచ్చిన మరునాటినుండి బండి ఇట్లున్నదమ్మా" అంటిమి. ప్రతి మాటయు నిజమే. అతడు చెడగొట్టెనని మేము అనలేదు. కాని ఆమె విన్నది అదే. ఆమె వినవలెనని మేము కోరినదియు అదే. అతడు ట్యాంకు నిండ పెట్రోలు పోయించి తెచ్చెను. అదియు తప్పు చేసినవాని పనియే యని మనసులో వ్రాసికొంటిమి. ఆ బుధవారము అతడు ప్రార్థన కూటమునకు రాలేదు.

శుక్రవారము వాకిటిలో బండిని పరీక్షింప కూర్చుంటిమి. మొదట ప్లగ్గు విప్పి, దాని సందు 0.6, 0.7 మిల్లీమీటర్ల మధ్య నున్నదని చూచి, లోహపు భాగమును ఇంజనుకు ఆనించి కిక్కు కొట్టితిమి. నీలి నిప్పురవ్వ కనబడెను. దోషము ప్లగ్గుది కాదు. ప్లగ్గు బిగించి కొట్టగా కిక్కు బిగువుగానే యుండెను. పిస్టను అరిగినది కాదు. పిమ్మట వీధులలో తిప్పగా బండి మరల వాకిటనే ఆగెను. వెంటనే కార్బురేటరు క్రింది మర వదులు చేయగా నాలుగు చుక్కలు రాలి పెట్రోలు నిలిచిపోయెను. ట్యాంకు చూచిన దాదాపు నిండుగానే యున్నది! మూత విప్పితిమి. సుయ్యిమని గాలి లోపలికి పోయెను. పెట్రోలు ధారగా దిగెను.

ట్యాంకు మూతలో గాలికి సన్నని దారి యుండును. పెట్రోలు దిగుకొలది ఆ దారిన గాలి లోనికి రావలెను. అది మూసికొనిన యెడల లోపలి ఒత్తిడి తగ్గి పెట్రోలును దిగనియ్యదు. కొంతసేపు నిలిపిన గాలి మెల్లగా చొరబడును గనుక బండి మరల నడుచును. ఆ దారిని మూసినది ఒక పాలిథీను ముక్క. శనివారము రాత్రి, వాన నీరు దిగకుండ మూత క్రింద దానిని పెట్టినవి మా చేతులే. నిండు ట్యాంకులో గాలికి చోటు తక్కువ గనుక బండి మరింత త్వరగా ఆగెను. అతడు చేసిన మేలునే మేము నేరముగా లెక్కించితిమి.

వెనుక వచ్చుట వేరు, వలన వచ్చుట వేరు. బండిలో ఒక్కొక్క భాగమును పరీక్షించిన తరువాతనే దోషమెక్కడిదో చెప్పితిమి. మనుష్యుని మాత్రము ఒక్క ప్రశ్నయైనను అడుగలేదు. ప్లగ్గుకు చూపిన న్యాయమును బిడ్డకు చూపలేదు. మనిషి మాట వినకయే తీర్పు చెప్పుట తగదని యోహాను సువార్త 7వ అధ్యాయములో నీకొదేము పరిసయ్యులకు గుర్తుచేసెను. ఆ భాగము మీద మేము ప్రసంగించి యున్నాము కూడ!

ఆ సాయంకాలమే అతని యింటికి పోయి క్షమించుమని అడిగితిమి. అతడు తల వంచుకొని, "అయ్యగారూ, నాతో మీరేమీ అనలేదు గదా. అమ్మతో అన్నారు. అమ్మతోనే చెప్పండి" అనెను. ఆమెతో చెప్పితిమి. "ఆ రోజు వాణ్ణి చాలా తిట్టానయ్యగారూ. రాత్రి అన్నం తినలేదు" అని మాత్రము ఆమె అనెను. పాలిథీను ముక్క తీయుటకు నిమిషము పట్టలేదు. అన్నము తినని ఆ రాత్రిని మేము తిరిగి ఇయ్యలేము.

కాబట్టి ప్రియులారా, పొరుగువానిగూర్చి నిజము చెప్పబోవునప్పుడు రెండు ప్రశ్నలు వేసికొందము. ఇది నిజమా? వినువారు దీనినుండి ఏమి తలంచవలెనని మనము కోరుచున్నాము? రెండవదానికి జవాబు దేవుని యెదుట బిగ్గరగా చెప్పలేని యెడల, నోరు మూసికొని, ముందుగా మన మూత విప్పి చూచుకొందము.