మాట ఎవరి సొత్తు?

నలుగురు తెరమీద ముఖాముఖి మాట్లాడుకునే సంభాషణను వీడియోగా రికార్డు చేసే వెబ్ అప్లికేషన్‌ను నిర్మించటం చూడటానికి కేవలం సాంకేతిక విషయం. కాని, గాలిలో కలిసిపోవలసిన మాట నిలిచిపోయినప్పుడు దానిపై అధికారం ఎవరిదనే ప్రశ్న అక్కడే పుడుతున్నది.

యంత్రం తటస్థమనీ, మంచిచెడ్డలు వాడేవారివనీ అనేవారున్నారు. ఈ వాదం పరిశీలనకు నిలవదు. బ్రౌజర్ల మధ్య బొమ్మనూ స్వరాన్నీ నడిపే వెబ్‌ఆర్‌టీసీ 2021లో ప్రమాణంగా స్థిరపడింది. అందులో సంభాషణ సంకేతలిపిలో ప్రయాణం చేస్తుంది. ముగిసిన తర్వాత దానంతటది మిగలదు. రికార్డు చేసే భాగాన్ని ఎవరో పనిగట్టుకొని చేర్చాలి. మీట ఎవరి చేతిలో వుండాలి, నకలు ఎక్కడ వుండాలి, ఎన్నాళ్ళుండాలి అనేవి నిర్మాత చేసే నిర్ణయాలు. నిర్ణయం వున్నచోట బాధ్యత కూడా వుంటుంది.

"అందరి అంగీకారమూ తీసుకుంటున్నాం గదా" అంటారు. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదై వుండాలన్నది. కాని 2020లో కళాశాలలు మూతబడి పాఠాలు తెరమీదికి వచ్చినప్పుడు, 'ఈ తరగతి రికార్డవుతున్నది' అన్న ప్రకటన చూసి ఏ విద్యార్థి లేచిపోగలడు? పోతే హాజరు పోతుంది. ఏ కాంట్రాక్టు అధ్యాపకుడు కాదనగలడు? కాదంటే కొలువు పోతుంది. అతని పాఠం యాజమాన్యం సొత్తయితే మరుసటి ఏడు అతని గతశ్రమే అతనికి పోటీ నిలుస్తుంది. కాదనే శక్తి లేనివాని 'సరే' సమ్మతి కాదు, లొంగుబాటు.

అయితే రికార్డు చెయ్యటాన్నే నిషేధించాలా? అది మళ్ళీ బలవంతునికే ఉపకరిస్తుంది. మల్కానీ కేసులో లంచం ఆరోపణ వచ్చినది బొంబాయి మరణ విచారణాధికారి మీద. అతనికి తెలియకుండా రికార్డు చేసిన టెలిఫోను సంభాషణను సుప్రీంకోర్టు 1972లో సాక్ష్యంగా అంగీకరించింది. అతని అనుమతి అడిగివుంటే ఆ టేపు వుండేదేనా? నోటిమాటగా బెదిరించి తర్వాత బొంకే యజమానికి మాట గాలిలో కలిసిపోవటమే క్షేమం.

కాబట్టి అసమానుల మధ్య ఒకే నియమం న్యాయం కాజాలదు. తన పాఠాన్ని, తన సందేహాన్ని తుడిపించుకునే హక్కు అధ్యాపకునికీ విద్యార్థికీ వుండాలి. అధికారం చెలాయిస్తూ పలికిన మాటను దాచుకునే హక్కు విన్నవానికి వుండాలి. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. ఆ హక్కు తీర్పు కాగితంలోనే వుండిపోకుండా, నిరాకరించినవాడు కూడా తరగతిలో కొనసాగే వీలు, మాట్లాడిన ప్రతి ఒక్కరికీ నకలు, గడువు తీరగానే తుడిచివేత కోడులో వుండాలి. ఇవి సాంకేతికంగా అసాధ్యాలు కావు.

రేపు ఈ కోడు రాయబోయేవారు నేటి మన విద్యార్థులే. యజమాని చెప్పాడు, రాశాను అన్న జవాబు జీతానికి చాలవచ్చు గాని నీతికి చాలదు. ఒంటరిగా కాదనలేని ఉద్యోగి తోటివారితో కలిసి కాదనగలడు. ఆ కలయికకు పూనుకోవటమే అతని ముందున్న నైతిక కర్తవ్యం.