గొంతును దాచడం, మాటను వినడం

చరిత్ర రచన పాలకుల కొలువులో ఉన్నంతకాలం శ్రమజీవికి అందులో చోటు దక్కలేదు. శాసనం రాజుది, దస్తావేజు భూస్వామిది. అక్షరం రాని మనిషి మాటను, అతడు పోయిన తరువాత కూడా, అతడి గొంతుతోనే వినిపించగలిగినది ధ్వనిముద్రణ యంత్రం. అందుచేత ఆ యంత్రం సహజంగానే ప్రజల పక్షాన ఉంటుందని మనం నమ్ముతాం. ఈ నమ్మకం ఎంతవరకు సబబు?

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1915లో, జర్మనీలో యుద్ధఖైదీల భాషలనూ పాటలనూ రికార్డు చేయడానికి పండితుల సంఘం ఒకటి ఏర్పడింది. బెర్లిన్ దాపున వూన్స్‌డార్ఫ్ శిబిరంలో, బ్రిటిషు సైన్యంలో పోరాడి పట్టుబడిన భారతీయ సిపాయిలు ఉండేవారు. వారిని గ్రామఫోను గరాటు ముందు నిలబెట్టి మాట్లాడించారు. 1916లో మాల్ సింగ్ అనే పంజాబీ సిపాయి తన కథను మరెవరి కథో అన్నట్లు చెప్పి, స్వదేశం చేరాలన్న తపనను వెళ్లబోసుకున్నాడు. పండితులకు కావలసింది అతడి ఉచ్చారణ. అది హంబోల్ట్ విశ్వవిద్యాలయపు ధ్వని భాండాగారంలో పదిలంగా ఉంది. గొంతు భద్రమయింది, మొర మాత్రం ఆనాడు ఎవరికీ పట్టలేదు.

ఇందుకు భిన్నమైన ప్రయత్నం మన నేల మీద జరిగింది. 1946–51 నాటి తెలంగాణా సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను స్త్రీశక్తి సంఘటన సభ్యులు కలుసుకుని, వారు చెప్పినదంతా టేపుల మీద రికార్డు చేశారు. అదే 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే గ్రంథమయింది. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, కమలమ్మ మొదలైనవారు అందులో మాట్లాడారు. ఆ మాటలలో సాహసం ఉంది. సాహసంతోపాటు, కన్నబిడ్డను వదులుకోవలసి వచ్చిన తల్లి వేదన ఉంది. పోరాటం ముగిశాక మళ్లీ ఇంటి నాలుగు గోడల మధ్యకు పంపబడిన స్త్రీల నిలదీత ఉంది. ఉద్యమ చరిత్రలు పక్కన పెట్టిన సంగతులివి.

రెండు చోట్లా పనిచేసింది యంత్రమే. తేడా అంతా అడిగినవారి ఉద్దేశంలో ఉంది. ఒకచోట శబ్దాన్ని అడిగారు, మరొకచోట జీవితాన్ని అడిగారు. జీవితాన్ని అడిగి తీసుకున్నవారు చెప్పినవారికి రుణపడతారు. చెప్పిన మాటను తిరిగి వారి ఊరికి, వారి పిల్లలకు అందేటట్లు చూడాలి. చెప్పదలచుకోనిదాన్ని చెప్పకుండా ఉండే హక్కు వారికే వదలాలి. అన్నిటికన్న కష్టమైన బాధ్యత మరొకటి ఉంది: మనకు రుచించని మాటను కూడా కత్తిరించకుండా దాచాలి, దానికి సమాధానం చెప్పుకోవాలి.

ప్రజల గొంతు మనకు పవిత్రమని వేదికల మీద తరచూ చెబుతున్నాం. ఆ గొంతు మనల్నే ప్రశ్నించినప్పుడు టేపు ఆపివేస్తే, సిపాయి మొరలో ఉచ్చారణను మాత్రమే విన్న ఆ పండితులకూ మనకూ భేదమేమిటి?